గల్లా దగ్గరి జుబాన్: జపాన్ 'కొంబిని' మాటల తారీఖ్

పరాయి దేశంలో దిగిన మనిషికి మొదటి ఉస్తాద్ దుకాణ్‌దారే. మన పెద్దవాళ్లు గల్ఫ్ వెళ్లినప్పుడు అరబ్బీ మాట్లాడటం నేర్చుకున్నది బఖాలాలోనే. ఖురాన్ చదవడం వచ్చు, సలాం చెప్పడం వచ్చు. అయినా రొట్టె కొనడానికి 'కమ్ హాజా' అని అడగడం మాత్రం అక్కడి కిరాణా కొట్టే నేర్పింది. ఇప్పుడు మన పిల్లలు చదువుకనీ కొలువుకనీ జపాన్ వైపు కూడా పోతున్నారు. అక్కడ బఖాలా చేసే పని 'కొంబిని' చేస్తుంది. దేశమంతా కలిపి యాభై వేలకు పైగా కొంబినిలు ఉన్నాయి. చాలావరకు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. అన్నం డబ్బా, బ్రెడ్డు, గొడుగు, సాక్సులు, కరెంటు బిల్లు, పార్సిలు అన్నీ ఒకే కప్పు కింద.

అక్కడ పనికొచ్చే మాటల జాబితాలు చాలానే దొరుకుతాయి. వరసగా ఇరవై వాక్యాలు, పక్కన అర్థాలు. బట్టీ పడితే వారంలో మరిచిపోతాం. నేను బడిలో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. రెండు జుబాన్‌ల మధ్య తిరిగినవాడిగా నాకు తెలిసిందొకటే: ఒక లఫ్జ్ మనసులో నిలవాలంటే దాని షజ్రా తెలియాలి. మనిషికి ఖాందాన్ ఉన్నట్టే మాటకూ ఉంటుంది. కొంబిని గల్లా దగ్గర వినిపించే దాదాపు ప్రతి మాట వెనకా ఒక సాలో, ఒక కానూనో, ఒక పాత సఫరో ఉంది. అది చెబుతూ మాటలు చెబుతాను. పిల్లల్ని పంపే అమ్మీ అబ్బాలకూ పనికొస్తుంది.

ఐస్ అంగడి నుంచి తోయోసు దాకా

ముందు దుకాణం పేరు. ఇంగ్లీషు 'కన్వీనియన్స్ స్టోర్' జపాన్ నోట 'కొంబినియెన్సు సుతోఆ' అయింది. అంత పొడుగు మాట రోజూ ఎవరంటారు? తోక కత్తిరించి 'కొంబిని' చేసుకున్నారు, మనం సెల్యులార్ ఫోన్‌ని 'సెల్లు' చేసుకున్నట్టు.

దుకాణం పుట్టింది అమెరికాలో. 1927లో టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఒక ఐస్ కంపెనీ, ఐస్ గడ్డలు అమ్మే చోటే పాలు, బ్రెడ్డు, గుడ్లు కూడా పెట్టింది. 1946లో పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంటామని చెప్పడానికి సెవెన్ ఇలెవెన్ అని పేరు పెట్టుకుంది.

జపాన్‌లో ఆ రోజుల్లో పెద్ద సూపర్ మార్కెట్లు చిన్న అంగళ్ల పొట్ట కొడుతున్నాయన్న గోల ఉండేది. 1973లో సర్కారు పెద్ద దుకాణాలకు పగ్గం వేస్తూ కానూన్ తెచ్చింది. 1974 మార్చి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇతో యోకాదో అనే సూపర్ మార్కెట్ కంపెనీలో సుజుకి తోషిఫుమి అనే అధికారి ఉండేవాడు. చిన్న అంగళ్లను మింగడానికి బదులు వాటినే బాగస్తులుగా చేసుకుందాం అన్నది ఆయన వాదన. అమెరికా కంపెనీతో ఒప్పందం చేసుకుని, 1974 మే నెలలో తోక్యోలోని తోయోసులో మొదటి సెవెన్ ఇలెవెన్ తెరిచారు. అంతకుముందు అది ఒక కుటుంబం నడుపుకునే మద్యం కొట్టు. చాలా కొంబినిలు ఇలా మద్యం కొట్లనుంచే మారాయి. లోపలికి వెళ్లగానే సీసాల అర కనబడితే కంగారు పడకండి, అది ఆ దుకాణం పుట్టుమచ్చ.

ఫ్యామిలీమార్ట్ 1973లోనే సైతామా జిల్లా సయామాలో ప్రయోగంగా ఒక దుకాణం పెట్టింది. లాసన్ 1975లో ఒసాకా పక్కన మొదలైంది. అదే ఏడాది ఫుకుషిమా జిల్లా కోరియామాలో సెవెన్ ఇలెవెన్ ఇరవై నాలుగు గంటలూ తెరిచి చూసింది. ఏడు, పదకొండు అంకెలు బోర్డు మీద మిగిలాయి, తలుపు మూయడం మాత్రం మానేశారు.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. అమెరికాలోని అసలు కంపెనీ అప్పుల్లో మునిగి 1990లో దివాలా గడప తొక్కింది. 1991లో జపాన్ వాళ్లు అందులో సగానికి మించిన వాటా కొన్నారు. 2005లో మొత్తం తమదే చేసుకున్నారు. షాగిర్ద్ వచ్చి ఉస్తాద్ ఇల్లు కొన్నట్టయింది.

బయటి హునర్ తెచ్చుకుని సొంత జుబాన్‌లో కలిపేసుకోవడం జపాన్‌కి మెయిజీ కాలం నుంచీ ఉన్న అలవాటు. దీన్ని మన దక్కన్ వందేళ్ల కిందటే గమనించింది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఏర్పడినప్పుడు, సైన్సూ వైద్యమూ ఉర్దూలో చెప్పడం అయ్యే పనేనా అని షక్ పడినవాళ్లు ఎందరో. నిజాం సర్కారులో తాలీమ్ శాఖ పెద్ద సయ్యద్ రాస్ మసూద్, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు, 1922లో జపాన్ వెళ్లి అక్కడి బడులు, కాలేజీలు తిరిగి చూశాడు. ఆ మరుసటి ఏడాది జపాన్ విద్యా విధానం మీద ఆయన పుస్తకం వచ్చింది. మాతృభాషలో చదివి ముందుకెళ్లిన దేశం ఒకటుందని చూపించడానికి అది ఒక సుబూత్. ఉర్దూ మీడియం బల్లల మీద కూర్చున్న నాలాంటివాడికి 'కొంబిని' అన్న కత్తిరింపు మాట వింటే ఆ సఫర్ గుర్తుకు రాక మానదు.

తలుపు తెరుచుకోగానే

లోపల అడుగు పెట్టగానే 'ఇరస్షైమసె' అని వినబడుతుంది. 'రండి' అన్న మాటకు గౌరవ రూపం అది. మన ఇళ్లలో 'ఆవో' వేరు, 'తష్రీఫ్ లాయియే' వేరు కదా, ఇది రెండోది. దానికి జవాబు చెప్పక్కర్లేదు. తల కొంచెం వంచితే చాలు. కొత్తగా వెళ్లిన పిల్లలు ప్రతిసారీ ఏం చెప్పాలో తెలియక బిత్తరపోతారు. వాళ్లు పిలుస్తారు, మీరు వస్తారు, లెక్క సరిపోయింది.

జపనీస్ మనకు అనుకున్నంత దూరం కాదు. క్రియ వాక్యం చివర్లో వస్తుంది, తెలుగులోలాగా, ఉర్దూలోలాగా. ప్రశ్న వేయాలంటే చివర 'కా' తగిలిస్తే చాలు. 'అరిమస్' అంటే ఉంది, 'అరిమస్ కా' అంటే ఉందా. మనం 'ఉంది'కి చివర దీర్ఘం తీసి 'ఉందా' అంటామే, సరిగ్గా అదే చోటు. ఇక్కడ ఉర్దూ 'క్యా' వాక్యానికి ముందు నిలబడుతుంది. తెలుగూ జపనీసూ మాత్రం ప్రశ్నను తోకలో పెట్టుకుంటాయి. 'కొరె వా ఇకురా దెస్ కా' అంటే 'ఇది ఎంత'. రాతలో 'దెసు', 'మసు' అని ఉంటుంది కానీ చివరి ఉకారం దాదాపు వినిపించదు, అందుకే విన్నట్టే రాస్తున్నాను.

ఇంకో చిన్న అక్షరం 'ఒ'. వస్తువు పేరు ముందు దాన్ని పెడితే అదబ్ వస్తుంది. టీ 'చా', గౌరవంగా 'ఒచా'. అన్నం డబ్బా 'ఒబెంతో'. తినే పుల్లలు 'ఒహాషి'. మనం పేరు అడిగేటప్పుడు 'ఇస్మె షరీఫ్' అంటాం చూడండి, అలాంటి తకల్లుఫ్ వాళ్లు టీకీ, పుల్లలకీ కూడా చూపిస్తారు.

అరల మీద ఉన్న తారీఖ్

కొంబిని అంటే ముందు గుర్తొచ్చేది 'ఒనిగిరి'. 'నిగిరు' అంటే పిడికిట్లో నొక్కడం. పిడికిట్లో నొక్కిన అన్నం, తెలుగులో చక్కగా 'ముద్ద'. ఇంట్లో అమ్మ చేసే ముద్దని దుకాణంలో ఎవరు కొంటారన్న అనుమానం మొదట్లో కంపెనీ లోపలే ఉండేది. 1978లో సెవెన్ ఇలెవెన్ ఒక ఉపాయం పట్టింది. సముద్రపు నాచు రేకుకీ అన్నానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ పొర పెట్టింది. తినేముందు ఆ పొర లాగితే నాచు అప్పుడే కరకరలాడుతుంది. ఆ తర్వాత ముద్ద ఇంటి గడప దాటి దేశమంతా తిరిగింది.

ఒనిగిరి దగ్గరే మనవాళ్లు ఉలిక్కిపడే మాట ఒకటుంది: 'సకె'. సకె అంటే బియ్యపు మద్యం అని అందరికీ తెలుసు. ముద్దలో మద్యమా, తౌబా! కంగారు వద్దు. 'సకె' అంటే సాల్మన్ చేప కూడా. మద్యానికి రాసే అక్షరం వేరు, చేపకు రాసేది వేరు. తోక్యో మాటలో ఎత్తి పలికే చోటూ వేరు. గందరగోళం లేకుండా చేపను 'షకె' అని కూడా అంటారు. ఇక 'ఉమె' అంటే పులుపూ ఉప్పూ కలిసిన ఎండు ఫలం, 'కొంబు' అంటే సముద్రపు నాచు, 'త్సునా మయో' అంటే మయోనీస్ కలిపిన ట్యూనా చేప.

పక్క అరలో బ్రెడ్డు. జపనీస్‌లో దాన్ని 'పాన్' అంటారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు తెచ్చిన మాట అది. అదే పోర్చుగీసువాళ్లు మన కొంకణ తీరంలో దింపింది 'పావ్' అయింది, మన పావ్ రోటీ. గల్లా వెనక అరలో సిగరెట్లను 'తబాకొ' అంటారు, మన 'తంబాకూ'కి సొంత తమ్ముడు. అవి కొనేవాళ్లను గల్లా తెర మీద 'బొతాన్' నొక్కమంటారు. వయసు ఇరవై దాటిందని ఒప్పుకునే బొత్తాం అది. ఔను, వాళ్ల బొతాన్, మన తెలుగు బొత్తాం ఒకే పోర్చుగీసు తల్లి పిల్లలు. పిల్లలకు పొగాకు అమ్మకూడదన్న కానూన్ జపాన్‌లో 1900 నాటిది, మద్యానిది 1922 నాటిది. 2022లో బాలిగ్ అయ్యే వయసును 18కి దించినా ఈ రెండింటికీ ఇరవయ్యే ఉంచారు. మనకు ఆ బొతాన్‌తో పని పడకపోతేనే మేలు. వరసలో వెనక నిలబడి వింటే తెలుగు మాట విన్నట్టుంటుంది.

ఒక్క ప్రశ్న ధైర్యంగా అడగాలి

ఇప్పుడు అసలు ఫికర్. అమ్మీలు ఫోన్‌లో మొదట అడిగేది ఇదే: బేటా, ఏం తింటున్నావ్, చూసి తింటున్నావా?

గుర్తుంచుకోవాల్సిన మాట 'బుతానికు'. 'బుతా' పంది, 'నికు' మాంసం. అడగాల్సిన వాక్యం: 'బుతానికు హైత్తె ఇమస్ కా'. పంది మాంసం కలిసి ఉందా అని. కోడి 'తొరినికు', గొడ్డు మాంసం 'గ్యూనికు'. ఉత్త 'నికు' అని ఉన్నచోట జాగ్రత్త. చలికాలంలో గల్లా పక్కన ఆవిరి పెట్టెలో ఉండే 'నికుమాన్' అనే తెల్లటి బన్నులో మామూలుగా పంది మాంసమే ఉంటుంది.

పొట్లం మీద ఎంత రాయాలన్నదానికీ ఒక తారీఖ్ ఉంది. 2001 నుంచి జపాన్‌లో అలర్జీ తెచ్చే పదార్థాల పేర్లు పొట్లం మీద చెప్పే పద్ధతి వచ్చింది. పదార్థాల జాబితా చివర 'ఇచిబు ని' అని మొదలై 'ఫుకుము' అని ముగిసే వరస కనబడుతుంది. 'కొంత భాగంలో ఇవి ఉన్నాయి' అని దాని అర్థం. గుడ్డు, పాలు, గోధుమలాంటివి అందులో తప్పనిసరిగా రాయాలి. పంది మాంసం, జెలటిన్ 'రాస్తే మంచిది' అన్న జాబితాలో ఉన్నాయి, 'రాసి తీరాలి' అన్నదాంట్లో లేవు. కాబట్టి ఆ వరసలో బుతానికు కనబడితే పక్కన పెట్టేయండి. కనబడలేదు కదా అని పూర్తి ఇత్మినాన్ వద్దు. ఆ పద్ధతి పుట్టింది ఒంటికి పడని వాటి కోసం, హలాల్ హరామ్ కోసం కాదు. పై జాబితా మొత్తం చూడాలి. 'పోకు' అంటే ఇంగ్లీషు పోర్కే. 'రాదొ' పంది కొవ్వు. 'జెరాచిన్' జెలటిన్. 'షుసెయ్' అంటే కలిపిన ఆల్కహాల్, సోయా సాస్, మిసో పొట్లాల మీద తరచూ ఉంటుంది. 'మిరిన్' వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం. గల్లా పక్కన వేడిగా పెట్టే వేపుడు కోడి చూడటానికి బాగానే ఉంటుంది, జబీహా అని రాసి లేకపోతే అది జబీహా అనుకోవద్దు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, మీ ఆలిమ్‌ని అడగండి. ఈ మాటల్ని జపాన్ లిపిలో ఫోన్‌లో బొమ్మలుగా దాచుకోవడం మాత్రం ఇంటి దగ్గరే చేయాల్సిన పని.

అడిగినప్పుడు గల్లా దగ్గరి అమ్మాయి పొట్లం తిప్పి చూసి 'వకరిమసెన్' అనవచ్చు. 'తెలియదు' అని. దానికి నొచ్చుకోకండి. తెలియనిది తెలియదనడం కూడా ఈమాన్‌దారీయే. మీరు 'సుమిమసెన్' అనండి. మాఫ్ కీజియే, కాస్త వినండి, శ్రమ ఇచ్చాను, షుక్రియా, అన్నింటికీ ఆ ఒక్క మాట సరిపోతుంది.

గల్లా అడిగే ప్రశ్నలు

గల్లా దగ్గర ప్రశ్నలు గబగబా వస్తాయి. ఏది ఎందుకు వచ్చిందో తెలిస్తే చెవి దానంతటదే పట్టుకుంటుంది.

'అతతమెమస్ కా': వేడి చేయమంటారా. అన్నం డబ్బా కొంటే అడుగుతారు. కావాలంటే 'ఒనెగాయ్ షిమస్', దయచేసి చేయండి. వద్దంటే 'దైజోబు దెస్', ఫర్వాలేదు. ఈ దైజోబు వెనక చైనా అక్షరాలున్నాయి, వాటి పాత అర్థం దిట్టమైన మొనగాడు. అక్కణ్ణుంచి 'గట్టిగా ఉన్నాను, బాగానే ఉంది' అయి, ఇప్పుడు 'అక్కర్లేదు లెండి' దాకా మెత్తబడింది.

'తెన్నాయ్ దె ఒమెషియగారి దెస్ కా': ఇక్కడే తింటారా. 'ఒమెషియగారి' తినడానికి గౌరవ మాట, మన 'తనావుల్ ఫర్మాయియే' లాగా. ఈ ప్రశ్న పన్ను నుంచి పుట్టింది. జపాన్‌లో కొనుగోలు పన్ను 1989లో 3 శాతంతో మొదలైంది, 1997లో 5, 2014లో 8 అయింది. 2019 అక్టోబర్‌లో 10కి పెంచినప్పుడు తిండి పదార్థాలను ఇంటికి తీసుకెళితే 8 దగ్గరే ఉంచారు. దుకాణంలో కుర్చీ వేసుకుని తింటే 10. ఒకే ముద్ద, కూర్చుంటే ఒక ధర, నిలబడి పట్టుకెళ్తే ఒక ధర. అందుకే అడుగుతారు. పట్టుకెళ్లేవాళ్లు 'మొచికయెరి దె' అంటే చాలు.

'ఫుకురొ వా': సంచీ సంగతేమిటి. 2020 జులై 1 దాకా ప్లాస్టిక్ సంచీ అడక్కుండానే ఇచ్చేవాళ్లు. ఆ రోజు నుంచి డబ్బులు తీసుకోవాలని దేశమంతా హుకుం. మామూలుగా 3 నుంచి 5 యెన్‌లు. చేతిలో సొంత సంచీ ఉంటే మళ్లీ అదే మంత్రం, 'దైజోబు దెస్'. మన ఇళ్లలో సౌదాకి గుడ్డ సంచీ పట్టుకెళ్లే దాదీలకు ఈ కానూన్ పాత సంగతే.

కొందరు సామాను లేకుండా కాగితాలు పట్టుకొచ్చి గల్లా మీద పెడతారు. అవి బిల్లులు. 1987లో కరెంటు బిల్లుతో మొదలైన సదుపాయం అది.

ఇక నాకు బాగా నచ్చిన మాట. వెయ్యి యెన్‌ల నోటు పళ్లెంలో పెట్టగానే 'సెన్ ఎన్ ఒఅజుకారి షిమస్' అంటారు. సెన్ ఎన్ అంటే వెయ్యి యెన్‌లు. 'అజుకారు' అంటే ఇతరుల వస్తువును మన దగ్గర భద్రంగా ఉంచడం. 'వెయ్యి యెన్‌లు మీ అమానత్‌గా ఉంచుకుంటున్నాను' అని ఆ మాట. చిల్లర తిరిగిచ్చేటప్పుడు 'ఒకయెషి', అంటే వాపస్. సరిపడా చిల్లర ఇచ్చేస్తే అప్పుడు 'ఇతదకిమస్', స్వీకరిస్తున్నాను అంటారు. ఎంత తమది, ఎంత మీది అన్నది తేలేదాకా డబ్బు అమానతే. రోజుకి వందలసార్లు అలవాటుగా అనే మాట, నిజమే. కానీ తూకంలో, చిల్లరలో ఖియానత్ చేయొద్దని మన పెద్దలు అంతగా చెప్పిన తర్వాత, ఆ లఫ్జ్ అర్థం తెలిసి వింటే చెవికి హాయిగా ఉంటుంది.

గల్లాకి అవతల

ఈ మాటలన్నీ కొనేవాళ్ల కోసమే అనుకుంటే పొరపాటు. తోక్యో లాంటి షహర్‌లలో గల్లా వెనక నిలబడేవాళ్లలో నేపాల్, వియత్నాం లాంటి దేశాల విద్యార్థులు చాలామంది. చదువు వీసా మీద వెళ్లినవాళ్లు, అనుమతి తీసుకుని, బడి నడిచే రోజుల్లో వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు. మన పిల్లల్లోనూ కొందరికి ఇదే మొదటి రోజీ కావచ్చు. వాళ్లకు 'ఇరస్షైమసె' వినే మాట కాదు, అనే మాట. పన్ను ప్రశ్న, సంచీ ప్రశ్న, వేడి ప్రశ్న అన్నీ సరైన గౌరవ రూపంలో, సరైన క్రమంలో, అర్ధరాత్రి మూడింటికి కూడా అనగలగాలి.

ఆ అర్ధరాత్రి వెనక కష్టం ఉంది. 2019లో హిగాషి ఒసాకాలో ఒక దుకాణం యజమాని, పనివాళ్లు దొరక్క, రాత్రిపూట తలుపు మూశాడు. కంపెనీ ఒప్పుకోలేదు. తగవు దేశమంతా పాకింది. ఇరవై నాలుగు గంటల వెలుగు ఎవరి నిద్ర మీద నిలబడి ఉందన్న సవాల్ అప్పుడు గట్టిగా వినబడింది. మరోవైపు 2011 భూకంపం, సునామీ రోజుల్లో జనానికి ఇదే కొంబిని నీళ్లూ అన్నమూ అందించిన చోటు. 2017లో మూడు పెద్ద కొంబిని కంపెనీలను విపత్తుల వేళ సర్కారుతో కలిసి పనిచేయాల్సిన సంస్థల జాబితాలో చేర్చారు. ఆ వెలుగు జనానికి జరూరత్, దాని భారం మోసేది మాత్రం గల్లా వెనక నిలబడ్డ మనిషి.

అందుకే పిల్లలకు మాటలు నేర్పేటప్పుడు రెండు వైపుల మాటలూ నేర్పండి. అడగడం రావాలి, అడిగించుకోవడమూ రావాలి. సామాను చేతికొచ్చాక 'అరిగతో గొజైమస్' అనడం మరిచిపోవద్దని చెప్పండి. చాలామంది కొనుగోలుదారులు ఏమీ అనకుండా వెళ్లిపోతారు. షుక్రియా అని మనం తర్జుమా చేసుకునే ఆ 'అరిగతో', 'అరిగతషి' అన్న పాత మాట నుంచి వచ్చింది. ఉండటం కష్టమైనది, అరుదుగా దొరికేది అని దాని అర్థం. ఉర్దూలో చెప్పాలంటే నాయాబ్. రాత్రి మూడింటికి, ఇంటికి వేల మైళ్ల దూరంలో, నిద్ర ఆపుకుని మీ అన్నం వేడి చేసి ఇచ్చిన మనిషికి ఆ మాట చెల్లుతుంది.